నింద నుంచి చావు దాకా: చట్టం అడిగే రుజువు

గత నెలలో ఒక సాయంత్రం, అసర్ నమాజు ముగిసిన తరువాత, బ్రాడీపేటలోని మా కార్యాలయానికి ఒక తల్లి, ఆమె పెద్ద కుమారుడు వచ్చారు. ఆమె చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి. అందులో ఎఫ్.ఐ.ఆర్. నకలు, పేపరులో పడిన చిన్న వార్త కత్తిరింపు, కొన్ని ఆసుపత్రి కాగితాలు, చార్జింగు లేక ఆరిపోయిన ఒక సెల్‌ఫోను ఉన్నాయి. ఆమె చిన్న కుమారుడు ఒక దుకాణంలో గుమాస్తాగా పనిచేసేవాడు. గల్లాపెట్టెలో సొమ్ము తక్కువ వచ్చిందని అతనిపై నింద పడింది. స్టేషనుకు పిలిపించారు, పంపించారు, మళ్లీ పిలిపించారు. మూడవసారి పిలుపు వచ్చిన నాటి రాత్రి ఆ యువకుడు తన ప్రాణం తానే తీసుకున్నాడు. కేసు దర్యాప్తులో ఉన్నందున ఊరు, పేరు, దుకాణం వివరాలు రాయము. ఆ తల్లి మమ్మల్ని అడిగినది ఒకే ప్రశ్న: "భాయ్‌సాబ్, 306 పెట్టారంట. వాళ్లకు శిక్ష పడుతుంది కదా?"

ఎఫ్.ఐ.ఆర్.లో ఉన్నది 306 కాదు, 108. 2024 జూలై 1 నుంచి భారత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. పాత 306వ సెక్షనే కొత్త చట్టంలో 108వ సెక్షను. శిక్ష మారలేదు: పదేళ్ల వరకు జైలు, జరిమానా. జనం నోట మాత్రం ఇంకా 306 అనే నడుస్తున్నది, మేము కూడా ఇక్కడ ఆ పేరే వాడుతాము. ఆ తల్లికి "పడుతుందమ్మా" అని చెప్పడం మాకు కష్టం కాదు. కానీ ఉద్యోగ జీవితమంతా ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్ల మధ్య గడిపిన మాకు, ఫైలులో లేని దానిని ఉన్నట్టు చెప్పే అలవాటు లేదు. ఆనాడు ఆమెకు సగం సగంగా చెప్పిన జవాబును ఈ సంపాదకీయంలో పూర్తిగా చెప్పాలని సంకల్పించాము. ఇటువంటి సంచి పట్టుకుని తిరుగుతున్న కుటుంబాలు మన జిల్లాలోనే ఇంకా ఉన్నాయి.

ముందుగా చట్టం ఏమంటున్నదో చూద్దాము. ఎవరైనా ఆత్మహత్య చేసుకుంటే, అందుకు ప్రేరేపించిన వారు శిక్షార్హులని 306 చెబుతున్నది. ప్రేరేపించడం అంటే ఏమిటో పాత చట్టంలో 107వ సెక్షను, కొత్త చట్టంలో 45వ సెక్షను నిర్వచిస్తున్నవి. పురిగొల్పడం, కుట్రలో భాగమై ఆ కుట్ర మేరకు ఏదైనా పని జరగడం, ఉద్దేశపూర్వకంగా సహాయపడటం. ఈ మూడింటిలో ఏదో ఒకటి రుజువు కావాలి. బాధపెట్టడం ఇందులో లేదు. అవమానించడం లేదు. అన్యాయం చేయడం కూడా లేదు. ఇవన్నీ జరిగి ఉండవచ్చు, ఒక మనిషి వాటిని తట్టుకోలేక చనిపోయి ఉండవచ్చు. అయినా ఎదుటివాడు ఆ చావును కోరాడా, కనీసం ఆ మనిషికి చావు తప్ప మరో దారి లేని స్థితిని తన చేతలతో కల్పించాడా అన్నది వేరే ప్రశ్న. కోర్టులు పట్టి చూసేది ఈ రెండవ ప్రశ్ననే.

నంద్యాల సంగతి మన పాఠకులలో మరచినవారు ఉండరు. 2020 నవంబరు 3న ఆటో డ్రైవరు అబ్దుల్ సలాం, ఆయన భార్య, ఇద్దరు బిడ్డలు పాణ్యం దగ్గర కౌలూరు వద్ద రైలు పట్టాలపై విగతజీవులై కనిపించారు. అంతకు ఏడాది క్రితం ఆయన పనిచేసిన నగల దుకాణంలో బంగారం పోయిందన్న కేసులో ఆయన జైలుకు వెళ్లి బెయిలుపై వచ్చారు. తరువాత ఆటో తోలుకుని బతుకుతుండగా, ఆటోలో ప్రయాణించిన వ్యక్తి డబ్బు పోయిందన్న ఫిర్యాదుతో మళ్లీ స్టేషను పిలుపులు మొదలయ్యాయి. చనిపోయే ముందు కుటుంబం తీసుకున్న వీడియో కొన్ని రోజుల తరువాత బయటపడింది. ఆ దొంగతనాలతో తనకు సంబంధం లేదని, వేధింపు భరించలేకపోతున్నానని, తమకు అండగా ఎవరూ లేరని ఆయన అందులో చెప్పారు. రాష్ట్రమంతటా ఊరేగింపులు జరిగాయి. ఒక సర్కిల్ ఇన్‌స్పెక్టరును, ఒక హెడ్ కానిస్టేబులును సస్పెండు చేసి, 306తో సహా కేసు పెట్టి అరెస్టు చేశారు. అరెస్టయిన మరునాడే ఇద్దరికీ బెయిలు వచ్చింది. ఆ బెయిలు రద్దు చేయాలని ప్రభుత్వమే పై కోర్టుకు వెళ్లవలసి వచ్చింది. కుటుంబానికి 25 లక్షల రూపాయల సహాయం ప్రకటించారు.

అదే వారంలో, అదే 306 కింద అరెస్టయిన ఒక టెలివిజన్ వ్యాఖ్యాతకు సుప్రీంకోర్టు నవంబరు 11న మధ్యంతర బెయిలు ఇచ్చింది. వ్యక్తి స్వేచ్ఛ ఒక్కరోజు కోల్పోయినా ఎక్కువేనని ఆ తరువాత తన కారణాలలో వివరించింది. ఆ మాటతో మాకు పేచీ లేదు. ఆటో డ్రైవరు ఆ ఒక్కరోజును కాపాడుకోవడానికి ఎవరి గడప తొక్కాలో చెప్పేవారు నంద్యాలలో ఆయన చుట్టూ లేకపోయారన్నదే మా బాధ.

మనము ఆ రోజులలో వీధులలో "306 పెట్టండి" అని నినదించాము. పెట్టారు. ఆ తరువాత ఆ సెక్షను కోర్టులో ఎలా నిలబడుతుందని అడిగినవారు తక్కువ. అడిగి ఉంటే, మన రాష్ట్రం నుంచే సుప్రీంకోర్టుకు వెళ్లిన ఒక తీర్పు ఎదురయ్యేది. గంగుల మోహన్ రెడ్డి వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, 2010 జనవరి. ఆ కేసులో ఒక రైతు దగ్గర పనికి ఉన్న పాలేరు ఆత్మహత్య చేసుకున్నాడు. బంగారు నగలు దొంగిలించావని చనిపోవడానికి రెండు రోజుల ముందు రైతు అతనిపై నింద వేశాడని, పనికి పెట్టుకున్నప్పుడు ఇచ్చిన 7,000 రూపాయల అడ్వాన్సు తిరిగి ఇమ్మని వేధించాడని అభియోగం. కింది కోర్టు శిక్ష వేసింది. హైకోర్టు నేరం రుజువైనదనే అన్నది. సుప్రీంకోర్టు రైతును విడుదల చేసింది. మనిషిని ఆత్మహత్యకు నెట్టాలన్న ఉద్దేశం ఉండాలి, ఆ ఉద్దేశంతో చేసిన ప్రత్యక్షమైన పని ఉండాలి, ఆ పని వలన మృతునికి వేరే దారి కనిపించని స్థితి ఏర్పడి ఉండాలి, ఇవి లేనిదే 306 నిలవదు అన్నది ఆ తీర్పు సారాంశం. దొంగతనం నింద, బంగారం, పేదవాని పరువు. పాలేరు కథలో ఉన్నవి అవే, సలాం కథలో ఉన్నవి అవే. నింద ఒక్కటే ఆధారమైతే ఏమవుతుందో ఈ తీర్పు ముందే చెప్పి ఉంచింది.

ఇది ఒంటరి తీర్పు కాదు. 2001లో రమేశ్ కుమార్ వర్సెస్ ఛత్తీస్‌గఢ్ కేసులో, కోపంలో, ఆవేశంలో, పర్యవసానం కోరకుండా అన్న మాట పురిగొల్పడం కాదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మరుసటి సంవత్సరం మధ్యప్రదేశ్ నుంచి వచ్చిన సంజు కేసులో, "పోయి చావు" అని తగవులో బావమరిది అన్న మాటకూ, రెండు రోజుల తరువాత జరిగిన చావుకూ ముడి పెట్టలేమని కేసునే కొట్టివేసింది. మన ఇళ్లలో ఆ మాట ఎన్నిసార్లు వినపడుతుందో చెప్పనవసరం లేదు. 2024 డిసెంబరులో గుజరాత్ నుంచి వచ్చిన ఒక కేసులో, వేధింపు ఉన్నదన్నంత మాత్రాన చాలదని మరోసారి అన్నది. 2025 జనవరిలో మహేంద్ర అవాసే కేసులో ఇంకొక అడుగు ముందుకు వేసింది. దుఃఖంలో ఉన్న కుటుంబాన్ని శాంతింపజేయడానికి పోలీసులు ఈ సెక్షనును యాంత్రికంగా వాడకూడదని హెచ్చరించింది.

ఈ చివరి మాట వద్ద మేము చాలాసేపు ఆగిపోయాము. ధర్నా చేస్తున్న జనాన్ని ఇంటికి పంపడానికి ఎఫ్.ఐ.ఆర్.లో ఒక పెద్ద సెక్షను రాసి చేతులు దులుపుకోవడం మనము కళ్లారా చూసినదే. ఆ పెద్ద సెక్షను కోర్టులో పడిపోయిన నాడు ధర్నా చేసినవారు అక్కడ ఉండరు, తల్లి ఒక్కతే ఉంటుంది.

ఇంత కఠినమైన ప్రమాణం న్యాయమేనా అని మన యువ కార్యకర్తలు అడుగుతారు. న్యాయమేనని మా అభిప్రాయం. కారణం దూరాన లేదు, మన ఇళ్లలోనే ఉన్నది. కోడలు చనిపోయినప్పుడు, ఉత్తరంలో పేరు ఉన్నదని అత్తను, ఆడబిడ్డను, వేరే ఊళ్లో కాపురం ఉంటున్న బావగారిని కూడా చేర్చిన కేసులు మన పేటలలో ఉన్నాయి. అప్పు ఇచ్చి అడిగినందుకు కేసులో ఇరుక్కున్న చిల్లర కొట్టు యజమాని మనవాడే. ప్రమాణం సడలిస్తే మొదట జైలుకు పోయేది వకీలును పెట్టుకోలేనివాడు. పోలీసు అధికారి నిందితుడైనప్పుడు ఒక కొలత, మన కొడుకు నిందితుడైనప్పుడు మరొక కొలత కోరే హక్కు మనకు లేదు.

అయితే ఆ కొలత ఎన్నటికీ అందనిది కూడా కాదు. 2021 ఫిబ్రవరిలో అహ్మదాబాద్‌లో ఒక ముస్లిం యువతి సబర్మతి నదిలో దూకే ముందు నవ్వుతూ మాట్లాడిన వీడియో దేశమంతా చూసింది. తన మీద ఎవరి ఒత్తిడీ లేదని, తన ఇష్టంతోనే చేస్తున్నానని అందులో చెప్పింది. ఆ వీడియో ఒక్కటే చూస్తే భర్తపై కేసు నిలవదనుకోవాలి. కానీ కట్నం కోసం సాగిన వేధింపు, భర్తతో జరిగిన ఫోను సంభాషణ, తల్లిదండ్రుల సాక్ష్యం కోర్టు ముందుకు వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో అక్కడి సెషన్స్ కోర్టు 306 కింద భర్తకు పదేళ్ల శిక్ష వేసింది. చావమన్న మాట ఒక కేసులో కోపపు మాటగా తేలిపోయింది, మరొక కేసులో శిక్షకు దారితీసిన సంభాషణలో భాగమైంది. తేడా మాటలో లేదు, ఆ మాట చుట్టూ పోగైన సాక్ష్యంలో ఉన్నది. ఆ యువతి గురించి మన వేదికలపై కన్నీళ్లు పెట్టుకున్న పెద్దలు, జహేజ్ తీసుకోకుండా ఎన్ని నికాహ్‌లు జరిపించారని అడగాలని ఉన్నది. అది మరొక సంపాదకీయం.

2019లో ఉదే సింగ్ వర్సెస్ హర్యానా కేసులో సుప్రీంకోర్టు శిక్షను నిలబెట్టింది. అక్కడ ఒక బాలికను బంధువుల యువకులు విడవకుండా అవమానించారు. ఒక్కసారి కాదు, ఆగకుండా. ఎదుటి మనిషి మనసు విరిగిపోయేటట్టు పదేపదే చేస్తూ పోతే, ఆ వరుసలో నుంచి ఉద్దేశాన్ని కోర్టు గ్రహించగలదని ఈ తీర్పు చెబుతున్నది. మా దృష్టిలో పోలీసు వేధింపు కేసులలో కుటుంబాలు పట్టుకోవలసిన దారి ఇదే. ఏ తేదీన పిలిచారు, ఎన్ని గంటలు ఉంచారు, ఎవరు తీసుకుపోయారు, ఎవరు విడిపించుకు వచ్చారు, వచ్చినప్పుడు నడవగలిగాడా, తిన్నాడా, ఏమన్నాడు. వరుసగా తేదీలతో రాసి, చూసినవారి పేర్లు పక్కన పెట్టాలి. మా దగ్గరకు వచ్చిన అన్నగారికి మూడు పిలుపులలో రెండింటి తేదీలు గుర్తు లేవు. తమ్ముని ఫోనులో కాల్ జాబితా చూస్తే దొరుకుతాయి.

పెళ్లయిన స్త్రీల విషయంలో చట్టం కొంత ఆసరా ఇచ్చిన మాట నిజం. 1983లో చేసిన సవరణతో, పెళ్లయిన ఏడేళ్లలోపు భార్య ఆత్మహత్య చేసుకుని, భర్తగాని, అతని బంధువులుగాని ఆమెను హింసించినట్టు రుజువైతే, ప్రేరేపణ ఉన్నదని కోర్టు భావించవచ్చు. భావించవచ్చు, అంతే. భావించి తీరాలని లేదు. హింస మాత్రం ముందుగా రుజువు కావలసిందే. స్టేషనులో నింద మోయలేక చనిపోయిన పేద యువకునికి ఇటువంటి ఆసరా ఏ చట్టంలోనూ లేదు. దళితులకు, గిరిజనులకు అత్యాచారాల నిరోధక చట్టం ఉన్నది, ముస్లింలకు అటువంటిది లేదు. ఉన్నచోట కూడా దారి సులువుగా లేదని మన గుంటూరు కుటుంబానికి చెందిన రోహిత్ వేముల విషయం చూపిస్తున్నది. 2016 జనవరి 17న హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఆయన చనిపోయారు. 306తో పాటు ఆ ప్రత్యేక చట్టం కిందా కేసు పెట్టారు. తన చావుకు ఎవరూ బాధ్యులు కారని ఆయన ఉత్తరంలో రాసి ఉన్నది. ఎనిమిదేళ్ల తరువాత, 2024లో, ఆధారాలు లేవంటూ తెలంగాణ పోలీసులు కేసు మూసివేత నివేదిక ఇచ్చారు. ఆ నివేదికలో ఆయన కులాన్ని కూడా ప్రశ్నించారు. దేశమంతా ఆగ్రహించిన మీదట తిరిగి దర్యాప్తు చేస్తామని డి.జి.పి. ప్రకటించారు. ఒక తల్లి ఎనిమిదేళ్లు ఎదురుచూసిన తరువాత వచ్చిన కాగితం అది.

ఇక మన ముఖం మనము అద్దంలో చూసుకోవలసిన విషయం ఒకటి ఉన్నది. ఆత్మహత్య హరాం. ఇందులో రెండు మాటలు లేవు. ఆ కారణం చేత మన కుటుంబాలలో ఆత్మహత్య జరిగితే మొదట కలిగేది దుఃఖం కాదు, సిగ్గు. జనాజా నమాజు ఎవరైనా చదివిస్తారో లేదో అన్న భయం. దానితో కాలుజారి పడ్డాడని చెబుతారు, కడుపునొప్పి అంటారు, పోస్టుమార్టం వద్దని బతిమిలాడుతారు, రాసిపెట్టిన కాగితం కనిపిస్తే చించివేస్తారు, సూర్యాస్తమయంలోగా ఖననం ముగిస్తారు. నలభై రోజుల తరువాత పెద్దల కోపం చల్లారి, అసలు సంగతి బయటికి వచ్చి, కేసు పెట్టాలనిపిస్తుంది. అప్పటికి చేతిలో ఏమి మిగులుతుంది? మొదటి రోజు ఇచ్చిన వాంగ్మూలంలో "ఎవరిపైనా అనుమానం లేదు" అని మన సంతకమే ఉంటుంది. నిందితుని వకీలుకు అంతకన్నా ఏమి కావాలి?

ఉలమాలు ఇక్కడ ఒక మేలు చేయగలరు. ఆత్మహత్య చేసుకున్నవానికి కూడా జనాజా నమాజు చదవాలన్నదే హనఫీ ఫిఖ్‌హ్‌లో ప్రబలమైన అభిప్రాయం. ప్రవక్త (స) అటువంటి ఒక వ్యక్తి జనాజాకు తాము నాయకత్వం వహించలేదన్న హదీసును, ఇతరులకు హెచ్చరికగా చేసిన పనిగానే ఎక్కువమంది పండితులు అర్థం చేసుకున్నారు. ఈ ఒక్క మసలాను జుమా ప్రసంగంలో విప్పి చెబితే, ఎన్నో ఇళ్లలో భయం తగ్గుతుంది, నిజం దాచవలసిన అవసరమూ తగ్గుతుంది. పోస్టుమార్టం ఆలస్యమైనా ఖననం ఒక పూట ఆగవచ్చునని కూడా చెప్పాలి.

చనిపోయినవారి మాట చట్టంలో నిరుపయోగం కాదు. తన మరణ కారణం గురించి, దానికి దారితీసిన పరిస్థితుల గురించి మృతుడు చెప్పినది, రాసినది సాక్ష్యంగా తీసుకోవచ్చునని పాత సాక్ష్య చట్టం 32వ సెక్షను చెప్పింది. కొత్త భారతీయ సాక్ష్య అధినియంలో అది 26వ సెక్షను. సలాం వీడియోకు విలువ ఇక్కడి నుంచే వస్తుంది. కానీ వీడియో కోర్టుకు ఎలా చేరుతుందన్నది పెద్ద సమస్య. వాట్సాప్‌లో వెయ్యిమందికి పంపిన నకలు కోర్టుకు పనికిరాకపోవచ్చు. అసలు ఫోను ఉంటే అది ప్రథమ సాక్ష్యం. నకలు దాఖలు చేయాలంటే నిర్ణీత ధ్రువపత్రం జతచేయాలని 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసులో సుప్రీంకోర్టు స్థిరపరచింది, కొత్త చట్టం 63వ సెక్షనులో ఆ పత్రానికి నమూనా కూడా ఇచ్చింది. కాబట్టి ఫోనును మేనల్లుడికి ఆడుకోవడానికి ఇవ్వవద్దు, ఫార్మాట్ చేయించవద్దు, పాస్‌వర్డ్ ఊహించి పదేపదే నొక్కవద్దు. పోలీసులకు అప్పగించేటప్పుడు జప్తు పత్రంపై ఫోను గుర్తింపు సంఖ్య రాయించి నకలు తీసుకోవాలి. చేతిరాత ఉత్తరమైతే, మృతుడు మామూలు రోజులలో రాసిన కాగితాలు, బ్యాంకు ఫారాలు, పాత నోటు పుస్తకాలు జాగ్రత్త చేయాలి. రాత పోల్చడానికి అవే ఆధారం. గుమాస్తా పనిచేసిన మాకు ఒక పాత కాగితం ఎంత బరువైనదో తెలుసు.

మరొక విషయం నంద్యాల తరువాత దాదాపు నెల రోజులకే జరిగింది. 2020 డిసెంబరు 2న పరంవీర్ సింగ్ సైనీ కేసులో, ప్రతి పోలీసు స్టేషనులో లాకప్పులు, వరండాలు, ప్రవేశ ద్వారాలతో సహా చూపును, మాటను నమోదు చేసే కెమెరాలు ఉండాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. రికార్డింగును 18 నెలలు, అంతటి సాధనం దొరకని చోట కనీసం ఏడాది భద్రపరచాలని చెప్పింది. అమలు ఎంతవరకు ఉన్నదో స్టేషనుకు వెళ్లివచ్చినవారికి తెలుసు. అయినా మనము అడగాలి. ఫలానా తేదీ, ఫలానా సమయం రికార్డింగు చెరపకుండా భద్రపరచాలని ఎస్.పి.కి రిజిస్టర్డు పోస్టులో లేఖ రాయాలి, నకలు మేజిస్ట్రేటుకు, మానవ హక్కుల కమిషనుకు పంపాలి. కెమెరా పనిచేయలేదని జవాబు వస్తే ఆ జవాబు కూడా ఫైలులోకి చేరుతుంది. స్టేషనుకు ఎవరినైనా విచారణకు పిలిచేటప్పుడు రాతపూర్వక నోటీసు అడగమని మన యువకులకు నేర్పాలి. నోటి పిలుపుకు జాడ ఉండదు.

అన్నిటికన్నా ముఖ్యమని మేము భావించేది ఇది. 306 ఒక్కదానికే వేలాడవద్దు. స్టేషనులో కొట్టడం, ఒప్పుకోలు కోసం హింసించడం, కారణం లేకుండా నిర్బంధించడం తమంత తాము నేరాలు. నేరం ఒప్పించడానికి గాయపరిస్తే పాత 330వ సెక్షను, కొత్త 120వ సెక్షను కింద ఏడేళ్ల వరకు శిక్ష ఉన్నది. అక్కడ ఆ అధికారి చావును కోరాడా లేదా అన్న ప్రశ్నే రాదు. కొట్టాడా, దేనికోసం కొట్టాడు అన్నవి రుజువైతే చాలు. దుకాణదారు తప్పుడు ఫిర్యాదు ఇచ్చాడని తేలితే దానికి వేరే సెక్షనులు ఉన్నాయి. పెద్ద నేరం పడిపోయినప్పుడు చిన్న నేరం నిలబడి ఉండాలంటే, చిన్న నేరాన్ని మొదటి రోజే ఫిర్యాదులో రాయాలి. మన ఫిర్యాదులలో "మా వాడి చావుకు కారకులు" అన్న ఒక వాక్యం ఉంటుంది, వీపుపై వాతలు ఉన్నాయన్న వాక్యం ఉండదు. శవ పంచనామా సమయంలో బంధువులు పక్కన ఉండి, ఒంటిపై గుర్తులు రాయించాలి.

దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజులలో ఫిర్యాదుదారుకు తెలియజేయాలని కొత్త నాగరిక్ సురక్షా సంహిత చెబుతున్నది. కేసు మూసివేత నివేదిక వేస్తే, దానిని ఆమోదించే ముందు ఫిర్యాదుదారు అభ్యంతరం వినాలని 1985 నుంచి సుప్రీంకోర్టు మాట ఉన్నది. నోటీసు వచ్చినప్పుడు వెళ్లకపోతే ఆ హక్కు వృథా. చదువురాని తల్లికి కోర్టు నోటీసు వస్తే, అది ఏ కాగితమో తెలియక దేవుని అలమారలో ఖురాన్ పక్కన భద్రంగా దాచిన సంఘటన మాకు తెలుసు. గడువు దాటిన తరువాత బయటపడింది. బ్రాడీపేట అడ్డరోడ్లలో వకీళ్ల బోర్డులకు కొదవ లేదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో స్త్రీలకు, పేదలకు ఉచితంగా వకీలును ఇస్తారు. ఆ రెండింటికీ మధ్య మన జమాత్‌లు, మస్జిద్ కమిటీలు ఒక మనిషిని నిలబెట్టాలి. కాగితం చదివి, తేదీ గుర్తుపెట్టి, తోడు వెళ్లే మనిషిని. ఊరేగింపుకు మూడు వందలమంది వస్తారు, వాయిదాకు ముగ్గురు వస్తే చాలును.

చనిపోయినవారి గురించి ఇంత రాస్తూ, బతికి ఉండి ఆ అంచున నిలబడినవారి గురించి ఒక మాట రాయకపోవడం తప్పు. నింద పడినవాడిని ఇంట్లోవాళ్లు కూడా "నిజంగా తీశావా?" అని అడుగుతారు. ఆ ప్రశ్న స్టేషనులో దెబ్బకన్నా లోతుగా దిగుతుంది. ఆ వారం అతన్ని ఒంటరిగా వదలవద్దు. టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. స్టేషనుకు వెళ్లేటప్పుడు మొహల్లా పెద్ద ఒకరు, వకీలు ఒకరు వెంట వెళితే సగం భయం అక్కడే పోతుంది. అబ్దుల్ సలాం వీడియోలో తమకు అండగా ఎవరూ లేరన్న మాట పోలీసులను ఉద్దేశించి అన్నది కాదు, మనల్ని ఉద్దేశించి అన్నదని మేము అనుకుంటాము.

ఆ తల్లి విషయానికి వస్తే, ఫోనును మేము ఆన్ చేయలేదు. ఒక కవరులో పెట్టి, పైన తేదీ వేసి, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకుని, వకీలు ద్వారా దర్యాప్తు అధికారికి అప్పగించి రశీదు తీసుకోమని పంపాము. కెమెరా రికార్డింగు కోసం ఎస్.పి.కి లేఖ ఆ రాత్రే రాసి ఇచ్చాము. ఆమె వేలిముద్ర వేస్తూ తన ప్రశ్ననే మళ్లీ అడిగింది. శిక్ష సంగతి ఇప్పుడే చెప్పలేమని, లేఖకు పోస్టాఫీసు ఇచ్చే రశీదు పోగొట్టుకోవద్దని చెప్పాము. 90 రోజుల గడువు వచ్చే నెలలో పూర్తవుతుంది. ఆనాటికి జవాబు రాకపోతే రెండవ లేఖ రాయవలసి ఉన్నది.